కలరా ఉండ ఎక్కడికి పోతుంది?

(ఆదివారం సాయంత్రం గాజువాక దగ్గర ఒక గ్రంథాలయంలో రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం అంతే, మిగతాది ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేస్తా, తర్వాత మాట్లాడుకుందాం. ఇదిగో ఈ పాకెట్ కత్తిరిస్తున్నా, చూడండి. వెనక కిటికీ పక్కన కూర్చున్న బాబూ, నీకు వాసన తగిలినప్పుడు చెయ్యెత్తు, నేను మాట్లాడుతున్నా సరే ఎత్తెయ్. ముందు వరుసలో అమ్మగారికి అప్పుడే వచ్చేసినట్టుంది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఏంటండీ ఇది? కలరా ఉండలు. మా చిన్నప్పుడూ అదే పేరు, ఇప్పుడూ అదే పేరు. నిజానికి కలరాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కలరా నీళ్ళ నుంచి వస్తుంది, దాన్ని ఆపేది కాచిన నీళ్ళూ ఓఆర్‌ఎస్సూ, ఈ ఉండ కాదు. దీని అసలు పేరు నాఫ్తలీన్.

మొన్న భోగి పనుల్లో మా ఆవిడ పట్టుచీరల మధ్య నాలుగు ఉండలు పెట్టింది. ఉగాదికి చీర తీసి చూస్తే ఉండ శనగగింజంత అయింది. "అయిపోయాయండీ, ఇంకో పాకెట్ తెండి" అంది. నేను ఏమన్నానంటే, అయిపోలేదు, ఎక్కడికో పోయింది, ఎక్కడికి పోయిందో చెప్పు అన్నాను. ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పినవాడి పెళ్ళాం కదా, "మీ ముక్కులోకి" అంది. సరిగ్గా అదే ఇవాళ నేను చెప్పబోయేది. ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది, నాకు గంట పడుతుంది, ఏం చేస్తాం.

ఇది ఎక్కడ పుడుతుందో మీలో సగంమందికి నాకంటే బాగా తెలుసు. కోక్ ఓవెన్స్‌లో పనిచేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? ఆ, నలుగురు. మన స్టీల్‌ప్లాంట్‌లో ఏడు మీటర్ల ఎత్తు ఓవెన్లలో బొగ్గు పోసి, గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన కాలుస్తారు. గాలి లేదు కాబట్టి బొగ్గు మండదు, ఉడుకుతుంది అనుకోండి, ఇడ్లీ పాత్రలో ఆవిరి లాగ లోపలున్నవన్నీ బయటికొస్తాయి. లోపల మిగిలింది కోక్. బయటికొచ్చిన గ్యాస్‌ని చల్లారిస్తే నల్లగా, జిగురుగా అడుక్కి దిగేది కోల్‌తార్. టన్ను బొగ్గుకి ముప్పై నలభై కిలోలు వస్తుంది. ఒక మాట, మన రోడ్డు మీద పోసే తారు ఇది కాదు, అది పెట్రోలియం నుంచి వచ్చే బిటుమెన్, తారు తారు అని రెంటినీ ఒకటే చేసేశాం. ఈ కోల్‌తార్‌లో వందల రకాల పదార్థాలు ఉంటాయి, అందులో ఒక్కటే అన్నిటికంటే ఎక్కువ, దాదాపు పదో వంతు దాకా ఉండేది, మన నాఫ్తలీన్. ప్లాంట్ వాళ్ళు హాట్ ప్రెస్డ్ నాఫ్తలీన్ అని అమ్ముతారు కదండీ, అదే.

ఆ నల్లటి బురదలోంచి ఇంత తెల్లటి వస్తువు వచ్చిందంటే మొదట చూసినవాళ్ళకి ఎలా అనిపించి ఉంటుంది? 1819, 1820 ప్రాంతంలో ఇంగ్లాండులో ఒకరిద్దరు దీన్ని గమనించారు, 1821లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ కిడ్ అనే ఆయన దీని గుణాలు రాసి నాఫ్తలీన్ అని పేరు పెట్టాడు. తర్వాత 1826లో దీనిలో కార్బన్ ఎంత, హైడ్రోజన్ ఎంత అని లెక్క తేల్చింది ఎవరనుకున్నారు? మైకేల్ ఫారడే. మనం కరెంటు పాఠంలో చదువుకునే ఫారడేనే. పుస్తకాలకి అట్టలు కుట్టే షాపులో పనివాడిగా చేరి, కుట్టడానికి వచ్చిన పుస్తకాలు చదువుకుంటూ సైంటిస్ట్ అయినాయన, లైబ్రరీలో నిలబడి ఆయన పేరు చెప్పకుండా ఎలా పోతాం. పది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. కానీ అవి ఎలా అమరాయో తెలియడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1866లో ఎర్లెన్‌మేయర్ చెప్పాడు, రెండు బెంజీన్ రింగులు, అంటే ఆరేసి కార్బన్ల చక్రాలు, ఒక గోడ పంచుకుని పక్కపక్కన ఉన్నాయి అని. మన పాత ఇళ్ళలో అన్నదమ్ముల వాటాలు ఉంటాయి చూడండి, మధ్యగోడ ఒకటే, అటో వాటా ఇటో వాటా, అలాగ. మూడేళ్ళ తర్వాత గ్రేబె దాన్ని రుజువు చేశాడు.

ఆ బాబు చెయ్యెత్తాడు! ఎంతసేపయింది? నాలుగు నిమిషాలు కూడా కాలేదు. నేను దీన్ని వేడి చేశానా? నీళ్ళలో కలిపానా? ఏం చెయ్యలేదు, బల్ల మీద పెట్టానంతే. ఇది గట్టిగా, రాయిలా ఉంది, కానీ గట్టిగా ఉంటూనే గాలైపోతోంది. తొమ్మిదో క్లాసులో చదివారు కదా, ఉత్పతనం, సబ్లిమేషన్. గరాటు బోర్లించి, మూతికి దూది పెట్టి చేస్తాం. ఇది 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 218 దగ్గర మరుగుతుంది, కానీ దానికి అంత ఓపిక లేదు, మన గది వేడికే ఆవిరైపోతుంది. ఎందుకు? అణువు లోపల కట్టు చాలా గట్టిది, రెండు రింగుల్లోనూ ఎలక్ట్రాన్లు చుట్టూ పరుచుకుని ఉంటాయి, అందుకే తొందరగా విరగదు. కానీ ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య పట్టు మాత్రం వదులు, పల్చటి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఉప్పులో లాగ ప్లస్సూ మైనస్సూ లాక్కోవడం ఏం లేదు. అందుకని పైపొర రేకులు ఊరికే లేచి వెళ్ళిపోతుంటాయి.

ఇదే కుటుంబంలో రింగు ఇంకోటి చేర్చండి, మూడు రింగులైతే ఆంత్రసీన్, అది కరగాలంటే 216 డిగ్రీలు కావాలి, వాసన పెద్దగా తెలియదు. అయిదు రింగులతో బెంజోపైరీన్, అది కూడా కోల్‌తార్‌లోంచి తీసిందే, 1933లో, అది ఖాయంగా కాన్సర్ తెచ్చేది. రింగులు పెరిగేకొద్దీ బరువు, బద్ధకం, మసిలోనూ పొగలోనూ అంటుకుని ఉండిపోవడం. మన రెండు రింగులది తేలిక, అందుకే బీరువాకి ఇదొక్కటే పనికొచ్చింది, అందుకే మన ఊపిరిలోకీ ఇదే వస్తుంది. లాభం, నష్టం రెండూ ఒకే గుణంలోంచి వచ్చాయి, గమనించారా?

ఈ గుణంతో గ్యాస్ కంపెనీలవాళ్ళు పడ్డ అవస్థ చెప్పనా. కరెంటు రాకముందు లండన్ లాంటి ఊళ్ళలో వీధి దీపాలు బొగ్గు గ్యాస్‌తో వెలిగేవి. వేడిగా బయల్దేరిన గ్యాస్‌లో ఈ ఆవిరి కూడా ఉంటుంది, చలికాలం భూమిలో పైపు చల్లబడగానే లోపల తెల్లగా పేరుకుపోయేది, పైపు మూసుకుపోయేది, దీపం ఆరిపోయేది. గ్యాస్ కంపెనీలకి చలికాలం వస్తే ఇదొక పెద్ద తలనొప్పి. ఇప్పుడూ కోక్ ఓవెన్ గ్యాస్ లైన్లలో... ఆ, ఆయన తల ఊపుతున్నారు చూడండి. లైన్ జామ్ అయితే స్టీమ్ కొడతారు కదండీ? కొట్టేవాళ్ళకే తెలుసు ఆ వాసన.

సరే, ఇప్పుడు మన బీరువా దగ్గరికి రండి. చిన్న లెక్క చేద్దాం, పెన్ను అవసరం లేదు. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ఇంక చాలు అనేదాకా తాగగలిగే నాఫ్తలీన్ అర గ్రాము పైన కొంచెం. బట్టలు పోను మన బీరువాలో ఖాళీ అర ఘనపు మీటరు కూడా ఉండదు. అంటే పావు గ్రాము ఆవిరికే బీరువా నిండిపోతుంది. నా చేతిలో ఉన్న ఈ ఉండ మూడు గ్రాముల పైచిలుకు. అంటే పది బీరువాల గాలిని నింపగల సరుకు ఒక్క ఉండలో ఉంది, మనం మాత్రం అరకి నాలుగు చొప్పున పడేస్తాం. అలా నిండిన బీరువాలో గాలి ఎంత గాఢంగా ఉంటుందంటే, పది లక్షల వంతుల్లో వంద వంతుల పైన. అమెరికాలో ఫ్యాక్టరీ పనివాళ్ళకి ఎనిమిది గంటల షిఫ్టుకి పెట్టిన హద్దు పది వంతులు. తలుపు తియ్యగానే మొహం మీదికి కొట్టేది ఆ గాలి. మీరు తల లోపల పెట్టి చీర వెతుకుతారు.

అయినా పురుగులు చస్తాయి కదా మాస్టారూ అంటారు. చస్తాయి, కానీ ఏ పురుగులు? ఉన్నీ, పట్టు లాంటివి తినే చిమ్మెట పురుగు పిల్లలు, అవీ మూసిన పెట్టెలో ఆవిరి నిండినప్పుడే. గంజి పెట్టిన నూలు చీరల్ని కొరికేది ఇంకో పురుగు, సిల్వర్ ఫిష్ అంటారు, దానిక్కావల్సింది గంజి. గంజి లేకుండా ఉతికి ఆరేసి పెడితే దానికి ఇష్టమైన భోజనం ఉండదు. బాత్రూములో, వాష్‌బేసిన్ జాలీ మీద పెడతారు, తలుపులు తెరిచి ఉంటాయి, అక్కడ అది ఏ పురుగునీ చంపదు, ఒక కంపుని ఇంకో కంపుతో కప్పుతుంది అంతే. పాములు రావని ఇంటి చుట్టూ వేస్తారు, పాము దాన్ని లెక్కచెయ్యదు. ఇంకా తమాషా ఏంటంటే, 1998లో అమెరికాలో లూసియానాలో ఫార్మోసన్ చెదల గూళ్ళు పరీక్షిస్తే వాటిలో నాఫ్తలీన్ దొరికింది. చీమలూ అవీ రాకుండా చెదలే తమ గూటికి పొగ వేసుకున్నట్టుంది. మనం చెదలకి మందు అని వేసేది ఆ జాతి చెదలకి ఇంటి అగరుబత్తి!

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా ఇంట్లో బాలింతలు ఉన్నవాళ్ళు. మనింట్లో ఏం చేస్తాం? మొదటి బిడ్డ బట్టలు, ఉన్ని టోపీ, మెత్తటి దుప్పటి, అన్నీ మడిచి కలరా ఉండలు వేసి అటక మీద పెడతాం. మూడేళ్ళకి రెండో బిడ్డ పుడితే తీసి, మంచి బట్టలే కదా అని దులిపి తొడిగేస్తాం. బిడ్డకి ఒంటి నిండా నూనె రాసి, స్నానం చేయించి, ఆ దుప్పట్లో చుడతాం. నాఫ్తలీన్ నీళ్ళలో కరగదు, లీటరుకి ముప్పై మిల్లీగ్రాములు, అంతే. కానీ నూనెలో బ్రహ్మాండంగా కరుగుతుంది. నూనె రాసిన పసి ఒంట్లోకి అది మామూలు కంటే తేలిగ్గా దిగుతుందని డాక్టర్లు ఎప్పుడో అనుమానించారు.

దిగితే ఏమవుతుంది? లివర్ దాన్ని వేరే రూపాల్లోకి మారుస్తుంది, ఆ రూపాలు ఎర్రరక్తకణాల్ని లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. మామూలు కణానికి ఆ తుప్పుని ఎదుర్కొనే సరంజామా ఉంది, అది తయారవ్వాలంటే జీ6పీడీ అనే ఎంజైమ్ కావాలి. కొంతమందికి పుట్టుకతోనే అది తక్కువ. ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపం కాబట్టి మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. పైకి ఏం తెలియదు, ఆరోగ్యంగానే తిరుగుతుంటారు. మన ఏజెన్సీలో మలేరియాకి ప్రైమాక్విన్ ఇచ్చేముందు ఈ పరీక్ష గురించి అడుగుతారే, అదే లోపం. అలాంటి బిడ్డకి ఈ ఆవిరి తగిలితే రక్తకణాలు పటపటా పగిలిపోతాయి, రక్తం తగ్గుతుంది, కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, పుట్టిన కొత్తల్లో అయితే ఆ పసుపు మెదడుకి ఎక్కుతుంది. 1963లో గ్రీసు డాక్టర్లు ఇలాంటి 21 మంది పసిపిల్లల గురించి రాశారు. ఎవరూ ఉండ మింగలేదు, పీల్చారు అంతే. మింగిన పిల్లల కేసులు 1949లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి.

ఎవరైనా పిల్లాడు నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తాం మనం? విరుగుడు అని పాలు పడతాం. వద్దు! పాలల్లో వెన్న ఉంది, దాంతో ఇంకా తొందరగా ఒంట్లోకి వెళ్తుంది. కక్కించొద్దు కూడా. పాకెట్ చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తండి. ఇంకో చిక్కు ఏంటంటే, ఆ రోజు పిల్లాడు బాగానే ఆడుకుంటాడు, రక్తం పగలడం ఒకటి నుంచి మూడు రోజులకి మొదలవుతుంది. మూత్రం డికాషన్ రంగులో వస్తే అప్పుడు మనకి గుండె ఆగుతుంది. డాక్టరు రెండ్రోజులు ఉంచమంటే ఉంచండి, బిల్లు కోసం అంటున్నాడు అనుకోకండి, ఈ ఒక్క విషయంలో.

కాన్సర్ సంగతి అడుగుతున్నారు ఆయన. ఎలుకల ముక్కుల్లో గడ్డలు వచ్చాయి, దాని మీద 2002లో కాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ "మనుషుల్లో తేవచ్చు" అనే 2బీ వరుసలో పెట్టింది. యూరోపియన్ యూనియన్ 2008లో ఈ ఉండల్ని తీసేసింది. మన కిరాణా కొట్లో మాత్రం సబ్బుల పక్కనే వేలాడుతుంటాయి, రంగు రంగుల్లో, చాక్లెట్లు లాగ. గులాబీ రంగు ఎందుకయ్యా దానికి? నాకు ఆ రంగు చూస్తేనే కోపం.

దీన్నొక్కదాన్నే తిడుతున్నా అనుకోకండి. ఇది మనకి తెలియకుండా ఎన్ని చోట్ల ఉందో. మీ అపార్ట్‌మెంట్ శ్లాబ్ కాంక్రీట్ నీళ్ళు తక్కువ పోసినా జారేలా చేసే మందు, అది నాఫ్తలీన్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మార్చి చేసిన రకం. మామిడికీ మిరపకీ పూత రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్, అందులో ఉండేది నాఫ్తలీన్ అసిటిక్ యాసిడ్. పత్తి మీద చల్లిన సెవిన్ అనే పురుగుమందు పొడి కూడా ఈ ఇంటిదే, నాఫ్తలీన్ నుంచి వచ్చే ఆల్ఫా నాఫ్థాల్‌కి మిక్, అంటే మిథైల్ ఐసోసయనేట్ అనే విషం, కలిపి చేసేవాళ్ళు భోపాల్‌లో, 1984 డిసెంబర్‌లో ఆ మిక్కే ట్యాంకులోంచి బయటికొచ్చింది. దాని గురించి ఇంకో రోజు కూర్చుని మాట్లాడుకోవాలి, ఇలా పక్కమాటగా చెప్పేది కాదు.

ఒక్క కథ మాత్రం పూర్తిగా చెప్తా, నాకిష్టమైనది. నీలిమందు కథ. మన కడప జిల్లాలో కూడా నీలి పండించి, తొట్లలో ఊరబెట్టి, మందు తీసేవాళ్ళు. బిహార్‌లో అయితే చంపారన్ రైతుల చేత తెల్లదొరలు బలవంతంగా వేయించేవాళ్ళు, ఇరవై కఠాల భూమిలో మూడు కఠాలు నీలి వెయ్యాల్సిందే, తీన్‌కఠియా అనేవాళ్ళు. అదే సమయంలో జర్మనీలో బీఏఎస్‌ఎఫ్ కంపెనీ చెట్టు అక్కర్లేకుండా ఈ నీలం తయారు చెయ్యాలని ఏళ్ళ తరబడి తంటాలు పడుతోంది. దారి తెలుసు, నాఫ్తలీన్‌ని థాలిక్ అన్‌హైడ్రైడ్‌గా మార్చాలి, అక్కణ్ణుంచి నీలానికి మెట్లు ఉన్నాయి. కానీ ఆ మొదటి మెట్టు మరీ నెమ్మది, గిట్టుబాటు కాదు. 1890లలో సాపర్ అనే ఆయన నాఫ్తలీన్‌ని ఘాటు సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేడి చేస్తుంటే థర్మామీటరు పగిలి పాదరసం అందులో పడింది. మా ల్యాబ్‌లో అయితే పగలగొట్టినవాడి దగ్గర బ్రేకేజ్ ఫీజు వసూలు చేసేవాళ్ళం! అక్కడ ఏమయింది, పాదరసం పడగానే పని చకచకా సాగిపోయింది. ఆ పాదరసమే ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా పనిని తొందరపెట్టేది. 1897లో కంపెనీ నీలం బజారుకి వచ్చింది. ఆ ఏడాది లోకంలో చెట్ల నుంచి తీసిన నీలి సుమారు 19,000 టన్నులు, 1914కి అది 1,000 టన్నులకి పడిపోయింది.

రైతుకి పీడ వదిలిందా మరి? అక్కడే ఉంది. నీలికి ధర లేదు కాబట్టి దొరలు ఏమన్నారంటే, మీరిక నీలి వెయ్యక్కర్లేదు, బదులుగా శిస్తు పెంచుతాం, లేదా ఒకేసారి ఇంత డబ్బు కట్టండి అన్నారు. నష్టం దొరది, కట్టేది రైతు. ఆ గొడవే ముదిరి ముదిరి 1917లో గాంధీగారు చంపారన్ వెళ్ళేదాకా వచ్చింది. మన సోషల్ పుస్తకంలో చంపారన్ ఉంటుంది, కెమిస్ట్రీ పుస్తకంలో థాలిక్ అన్‌హైడ్రైడ్ ఉంటుంది, రెంటినీ కలిపి చెప్పే సారు దొరకడు, నాకూ దొరకలేదు, నేనే వెతుక్కున్నా.

మరి బట్టలకి ఏం చెయ్యమంటారు అని ఇందాక అమ్మగారు అడిగారు. ఉతికి, బాగా ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలోనో కవర్లోనో పెట్టండి. ఆరు నెలలకోసారి నీడపట్టున గాలికి ఆరేసి మడత మార్చండి, పట్టుచీర జరీకీ మంచిది. ఇప్పటికే ఉండలు వేసిన బట్టలుంటే ఉతకడంతోనే పోదు, నీళ్ళలో కరగదని చెప్పుకున్నాం కదా, రెండు మూడు రోజులు బయట గాలికి ఉంచితే అదే లేచిపోతుంది. పసిపిల్లల బట్టల్లో మాత్రం అసలు వెయ్యొద్దు.

ఇంకో ప్రశ్న ఇందాకే ఒకావిడ అడిగారు, తెల్ల బిళ్ళ చూస్తే అది కర్పూరమో కలరా ఉండో తెలిసేదెలా అని. వాసన మీద ఆధారపడొద్దు, పక్కపక్కన ఉంటే ఒకదాని వాసన ఇంకోదానికి పడుతుంది. దానికోసమే ఈ రెండు గ్లాసులు తెచ్చా. ఇందులో మంచినీళ్ళు. ఇందులో అరగ్లాసు నీళ్ళకి మూడు పెద్ద చెంచాల ఉప్పు, ఇంక కరగనంటూ అడుగున మిగిలింది చూడండి. కర్పూరం వేశా, మంచినీళ్ళలోనే తేలింది. కలరా ఉండ వేశా, మునిగింది. అదే ఉండ తీసి ఉప్పునీళ్ళలో వేస్తున్నా... తేలింది. బాత్రూముల్లో వాడే ఇంకో రకం బిళ్ళ ఉంది, పారాడైక్లోరోబెంజీన్, అది రెండిట్లోనూ మునుగుతుంది. ఆస్పత్రిలో కూడా ఏది మింగాడో తేల్చడానికి ఇదే ఉపాయం వాడతారు.

ఏంటమ్మా, మీరూ తెచ్చారా? దేవుడి గూట్లో కర్పూరం డబ్బాలోది? ఇవ్వండి వేద్దాం. మంచినీళ్ళలో... మునిగింది. ఉప్పునీళ్ళలో... తేలింది. కర్పూరం డబ్బాలో ఉన్నది కర్పూరం కాదమ్మా. ఇల్లు సర్దినప్పుడు ఎవరో కలిపేశారు. ఇంట్లో మనవడు ఉన్నాడన్నారు కదూ, వెళ్ళగానే ఆ డబ్బా మొత్తం తీసేయండి. వాచ్‌మన్‌గారు తాళం వెయ్యాలంటున్నారు. బాబూ, వెనక కిటికీలు కాసేపు తెరిచే ఉంచు.